గీతకి ఏ పక్క

వడ్రంగి మాష్టారు మాష్టారై ఏడు నెలలే అయింది. అంతకు ముందు నలభై ఏళ్ళు ఉత్త వడ్రంగి. తలుపులు, కిటికీలు, బీరువాలు, ఎవరి కప్పు కారితే వాళ్ళ దూలాలు. ఇక నిచ్చెన ఎక్కేది లేదని మోకాళ్ళు మొండికేశాక, హైస్కూల్లో తొమ్మిదో తరగతికి చెక్కపని నేర్పే మనిషి కావాలని తెలిసి వెళ్ళాడు. ఏడాదికని తీసుకున్నారు. పెద్ద మేడమ్ మొదటి రోజే మెత్తగా చెప్పింది.

"ఏడాది చివర పిల్లలు చేసినవి చూస్తాను. బాగుంటే క్లాసూ ఉంటుంది, మీరూ ఉంటారు. లేకపోతే ఈ గదిలోకి కంప్యూటర్లు వస్తాయి. ఏమీ అనుకోకండి."

ఏమనుకుంటాడు? ఉలి పట్టడం వెన్నతో పెట్టిన విద్య. ఇరవై నలుగురు పిల్లల చేత ఆరు స్టూళ్ళు చేయించలేనా అనుకున్నాడు. నలుగురికో స్టూలు, మనిషికో కాలు. పై పలకలకి రంధ్రాలు తనే వేసి ఇచ్చాడు. కాళ్ళ తలలు ఏ రంధ్రంలోనైనా సరిపోయేలా ఒకే నమూనాతో సరిచూశాడు. ఆ తరువాత కాలి పొడవు కొలిచి, గీత గీసి, కోయడం పిల్లల పని.

శుక్రవారం మేడమ్ వస్తుందనగా, సోమవారం కాళ్ళన్నీ బిగించి నేల మీద పెట్టారు. మూడు స్టూళ్ళు ఊగాయి. రెండు ఓ పక్కకి ఒరిగాయి. ఆరోది ఊగడానికి కూడా నోచుకోలేదు. దాని నాలుగో కాలు కోయాల్సిన అమ్మాయి, వాళ్ళ నాన్నకి బదిలీ కావడంతో గీత గీసిన కర్రని అలాగే వదిలి వెళ్ళిపోయింది.

పిల్లలు పకపకా నవ్వారు. మాష్టారు కూడా నవ్వాడు.

అందరినీ పంపేసి, కాళ్ళన్నీ ఊడదీసి టేపు పెట్టాడు. సగం సరిగ్గా ఉన్నాయి. సగం పొట్టి. ఎంత పొట్టి? గోరు మందమంత. అన్నీ అంతే. అక్కడే అతనికి మతి పోయింది. పరాకుగా కోస్తే ఒకటి ఇంత, ఒకటి అంత ఉండాలి కదా. తప్పుని కూడా కొలిచి చేసినట్టు ఇదెక్కడి వింత?

కాళ్ళ మీద పేర్లు చూశాడు. ప్రతిదానికీ "ఎందుకు సార్?" అని ప్రాణం తీసే పిల్ల ఒకతె ఉంది. క్లాసంతా ఎందుకమ్మ అంటారు. గీత గీస్తే వెంట్రుక వాసి తేడా రాని చేయి ఆమెది. ఆమె కాలు పొట్టి. నిలబడే కునుకు తీసే ఘనుడు ఒకడున్నాడు. వాడి కాలు అచ్చంగా సరిపోయింది. మాష్టారు బుర్ర గోక్కున్నాడు. రంపాన్ని అనుమానించాడు. టేపు కొక్కెం వదులైందేమోనని లాగి చూశాడు. చెక్క కుంచించుకుందా అనుకుని, అది పొడవునా కుంచించుకోదని నలభై ఏళ్ళుగా తెలిసినవాడు తనని తానే తిట్టుకున్నాడు.

గురువారానికి కూడా తలా తోకా దొరకలేదు. సాయంత్రం ఇంట్లో భార్య కుట్టుమిషను ముందు ఓ చొక్కా చేతులు అతుకుతూ ఉంది. ఎదురుగా కుర్చీలో కూలబడి అంతా చెప్పాడు.

"ఇంత బెంగ దేనికండీ? పొడుగు కాళ్ళకి నాలుగు రాపులు రాయండి. సరిపోతుంది."

"పది నిమిషాల పని, నాకు తెలీదా? నేను అరగదీస్తే అవి నా స్టూళ్ళవుతాయి. రేపు వాళ్ళు మళ్ళీ కోస్తే మళ్ళీ ఇంతే. ఎందుకిలా అయిందో తెలియొద్దా?"

"సరే, కోయడం ఎలా చెప్పారు?"

"చెప్పేదేముంది? కర్ర తల ఎడమచేతి వైపు పెట్టుకోమన్నాను. తరవాత నా చెయ్యి చూడమన్నాను. చూశారు."

"గీత మీదే కోశారా?"

"మీద ఎవరైనా కోస్తారా? రంపం పళ్ళు కొంత చెక్క తినేస్తాయి. పక్కన కోయాలి. గీత మిగలాలి."

"ఏ పక్క?"

మాష్టారు గాల్లో కర్ర పట్టుకుని, గాల్లోనే రంపం ఆడించాడు. "ఇటు పక్క."

"ఎదురుగా కూర్చుని ఇటంటే ఎటని తెలుసుకోను?" అని ఆమె దారం తెంచింది. "చేతులు కుట్టేదాన్ని, నాకు కుడీ ఎడమా చెప్పకపోతే కుదరదు."

వెటకారం చేస్తోందనుకుని అతను ముఖం గంటు పెట్టుకున్నాడు. ఆ మాట మాత్రం పళ్ళ సందులో పీచులా రాత్రంతా వేధించింది.

శుక్రవారం మేడమ్ రానే వచ్చింది. జిగురు పెట్టకుండా నిలబెట్టిన స్టూళ్ళలో మొదటిదాని మీద కూర్చుని, అది ఊగేసరికి గబుక్కున గది మధ్య ఉన్న పనిబల్ల పట్టుకుంది. రెండోది ఒరిగింది. మూడోదాని జోలికి పోలేదు.

"ఏమిటి మాష్టారూ ఇది?"

"తెలియదమ్మా," అన్నాడు. ఆ గదిలో ఆ మాట అనడం అతనికి చచ్చేంత సిగ్గనిపించింది. "సగం కాళ్ళు పొట్టిగా వచ్చాయి. అరగదీసి మీకు తెలియకుండా చేయొచ్చు. కారణం తెలియకుండా ఆ పని చేయబుద్ధి కాలేదు."

మేడమ్ బల్ల దగ్గరికి వచ్చింది. "ఎలా కోయించారో నాకూ చూపించండి."

అతను ఓ కర్ర తీసుకుని, గీత గీసి, తల ఎడమకి పెట్టి కోశాడు. మేడమ్ బల్లకి అవతల ఎందుకమ్మ పక్కన నిలబడి చూసింది. ఆ తరువాత కొంగు దోపుకుని, వెళ్ళిపోయిన పిల్ల గీత గీసి వదిలిన కర్ర అందుకుంది. తల తన ఎడమకి పెట్టుకుంది. రంపం మూడుసార్లు ఎగిరినా నాలుగోసారి దారిలో పడింది. ముక్క ఊడింది. మాష్టారు టేపు పెట్టాడు.

గోరు మందం తక్కువ.

"మీరు చేసినట్టే చేశాను కదా," అంది మేడమ్ చిన్నబుచ్చుకుని.

ఆమె కాలి మీద గీత లేదు. రంపం దాన్ని తినేసింది. తను కోసినదాని మీద గీత నిక్షేపంలా ఉంది. అతను తల ఎత్తి, బల్లకి అవతల ఉన్న ఆమెని చూశాడు.

"నువ్వు రోజూ ఎక్కడ నిలబడతావమ్మా?" అని ఎందుకమ్మని అడిగాడు.

"ఇక్కడే సార్. ఎందుకు సార్?"

"నువ్వురా?"

"మీ పక్కనే సార్," అన్నాడు కునుకు వీరుడు, బెదిరిపోయి.

తన కుడి పక్క, అవతల నిలబడ్డవాళ్ళకి ఎడమ పక్క. తల ఎడమకి పెట్టమన్న మాట అందరూ విన్నారు. రంపం ఏ పక్కో మాత్రం కళ్ళతో నేర్చుకున్నారు. అవతలి పదకొండుమందీ ఎంత శ్రద్ధగా చూశారో అంత కచ్చితంగా తప్పు కోశారు. అతని గురువు మాట్లాడే మనిషి కాదు. నోరు విప్పితే తిట్టు, చేయి ఎత్తితే మొట్టికాయ. గురువు భుజం వెనక నిలబడి నేర్చుకున్నవాడికి, పనికి ఎదురు పక్క ఒకటుంటుందని తెలిసే అవసరమే రాలేదు.

"మీరు తప్పు చేయలేదురా," అన్నాడు. "నేను చూపించినదే చేశారు. నాకే చెప్పడం రాలేదు."

అతను గబగబా కాళ్ళన్నీ ఊడదీసి రెండు కుప్పలు పోశాడు. సరైనవి పన్నెండు. పొట్టివి పదకొండు. మేడమ్ చేతిలోది పన్నెండోది. పిల్లలకి చెప్పకుండానే అర్థమైంది. పొడుగువి పొడుగువాటితో, పొట్టివి పొట్టివాటితో బిగించారు. ఆరు స్టూళ్ళు నేల మీద పెట్టారు.

మేడమ్ తను కోసిన కాలున్న స్టూలు మీద కూర్చుంది. అటూ ఇటూ బరువు వేసింది. కదల్లేదు. ఎందుకమ్మ మరో స్టూలెక్కి నిలబడింది. అదీ కదల్లేదు. మాష్టారికి కళ్ళు మసకబారాయి. పొట్టు పడిందన్నట్టు తుడుచుకున్నాడు.

మేడమ్ కూర్చున్నచోటి నుంచే అటెండరుని పిలిచింది.

"సెలవుల్లో ఈ బల్లని గోడకి జరిపించండి. వచ్చే ఏడాది పిల్లలందరూ మాష్టారి పక్కనే నిలబడాలి."