ఫ్లోరెన్స్ ఇంట్లో కరెంటు తీసేసిన మంగళవారం

భూగోళానికి దక్షిణ కొసన ఉన్న ఈ దేశంలో, మనురేవా అనే పేటలో, ఫ్లోరెన్స్‌ని కోపిష్టి అని ఎవరూ అనరు. పద్నాలుగేళ్లుగా రెస్ట్‌హోమ్‌లో కేర్‌గివర్‌గా చేస్తోంది. ముసలివాళ్లు తిట్టినా, తినిపిస్తున్న అన్నం ముఖాన ఉమ్మినా, తుడుచుకుని మళ్లీ చెంచా పట్టుకునే మనిషి. అలాంటి మనిషికి యాభై ఏడో ఏట వచ్చిన కోపం ఇంకా తగ్గలేదు. తగ్గడం ఆమెకి ఇష్టం కూడా లేదు.

ఆమె భర్త రత్నరాజు గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు. బీపీ ఆయన కిడ్నీలు రెండింటినీ తినేసింది. హాస్పిటల్ చుట్టూ తిరగలేక ఇద్దరూ ఇంట్లోనే డయాలసిస్ చేసుకోవడం నేర్చుకున్నారు. సూదులు గుచ్చుకోవడం ఆయన పని, మెషీన్ చూసుకోవడం ఆమె పని. మంగళ, గురు, శనివారాలు, ఐదేసి గంటలు. ఒంట్లో రక్తం ఒక గొట్టంలోంచి బయటికొచ్చి, శుభ్రపడి, ఇంకో గొట్టంలోంచి లోపలికి పోతుంది. అంతసేపూ కరెంటు ఉండి తీరాలి.

ఆ సంగతి కరెంటు కంపెనీకి రాసిచ్చారు కూడా. ఈ ఇంట్లో ఒక మనిషి ప్రాణం కరెంటు మీద నిలబడి ఉందని డాక్టరు సంతకం పెట్టిన ఫారం. నమోదు చేసుకున్నామని కంపెనీ జవాబిచ్చింది.

అదొక చిన్న కంపెనీ. ఈ దేశంలో కరెంటు అమ్మేవాళ్లు చాలామంది. నచ్చినవాణ్ని ఎంచుకోండి, పోటీ ఉంటే ధర దిగుతుంది అని ఏళ్ల తరబడి చెబుతున్నారు. మాల్‌లో స్టాల్ పెట్టిన అమ్మాయి మాట విని ఫ్లోరెన్స్ ఆ కంపెనీకి మారింది. ఆ ఏడు చలికాలంలో దక్షిణాన జలాశయాలు అడుగంటి, కరెంటు టోకు ధర ఆకాశానికెక్కింది. సొంత డ్యాములున్నవాళ్లు తట్టుకున్నారు. కొని అమ్ముకునే చిన్న కంపెనీ చేతులెత్తేసి, తన కస్టమర్లందరినీ ఒక పెద్ద కంపెనీకి అమ్మేసింది. ‘మీరేమీ చేయనక్కర్లేదు’ అని ఫోన్‌కి ఒక మెసేజ్ వచ్చింది. ఫ్లోరెన్స్ ఏమీ చేయలేదు.

అదే ఆమె చేసిన తప్పట. బ్యాంకులోంచి బిల్లు దానంతటదే కట్టుకునే ఏర్పాటు కొత్త కంపెనీకి మారలేదు. బాకీ పేరుకుపోయింది. వాళ్ల హెచ్చరికలు ఆమె ఎప్పుడో వాడడం మానేసిన ఈమెయిల్‌కి వెళ్లాయి.

ఆగస్టులో, ఇక్కడ చలి ఇంకా వదలని రోజుల్లో, ఒక మంగళవారం పొద్దున పదకొండింటికి, రత్నరాజు సూదులతో కుర్చీలో ఉండగా మెషీన్ ఒక్కసారిగా కూత పెట్టి ఆగిపోయింది. హీటరు ఆరిపోయింది. ఫ్లోరెన్స్ వీధంతా కరెంటు పోయిందనుకుంది. కానీ పక్కింటి టీవీ వినబడుతూనే ఉంది.

గొట్టాల్లో ఉన్న రక్తం గడ్డకట్టేలోపు ఒంట్లోకి పంపాలి. మెషీన్ వెనక చేత్తో తిప్పే పిడి ఉంటుంది. ట్రైనింగ్‌లో ఒక్కసారి తిప్పించారు. ఫ్లోరెన్స్ దాన్ని పంపుకి తగిలించి తిప్పడం మొదలుపెట్టింది. వేగంగా తిప్పకూడదు, గాలి బుడగ ఒక్కటి కూడా పోకూడదు.

“మెల్లిగా ఫ్లోరీ. గొట్టం చూసుకో,” అన్నాడు రత్నరాజు. ఆయన పెదాలు పాలిపోయాయి.

“మాట్లాడకండి. నాకు లెక్క తప్పుతుంది.”

భుజం పట్టేసినా ఆపలేదు. చివరి ఎరుపు గొట్టం దాటి లోపలికి పోయాక, సూదులు తీసి, దూది నొక్కిపట్టి, ఒంటి చేత్తో ఫోన్ తీసింది.

నలభై నిమిషాలు పాటలు విన్నాక కొత్త కంపెనీ అమ్మాయి, మీ అకౌంట్‌లో మెడికల్ నోట్ ఏమీ లేదంది. లైన్ల కంపెనీకి చేస్తే, తీగలు మావే కానీ ఆపింది మేం కాదన్నారు. మీటర్ల కంపెనీవాళ్లు, అమ్మేవాళ్లు ఆపమంటే ఇక్కడ బటన్ నొక్కుతాం, ఎవరిల్లో మాకు తెలియదన్నారు. తెనాలిలో ఆమె తండ్రి కరెంటు ఆఫీసులో లైన్‌మన్. కరెంటు పోతే జనం ఇంటి ముందుకొచ్చి ఆయన్ని తిట్టిపోసేవాళ్లు. చిన్నప్పుడు ఫ్లోరెన్స్‌కి తల తీసేసినట్టుండేది. ఇప్పుడు ఫోన్ పట్టుకుని వెతుకుతుంటే, తిట్టడానికి ఇక్కడ ఒక్క మనిషి కూడా దొరకలేదు.

ఫోన్లు చేయగా చేయగా మూడున్నరకి కరెంటు వచ్చింది. డయాలసిస్ సగంలో ఆగిపోవడంతో మర్నాడు రత్నరాజు ఊపిరాడక హాస్పిటల్లో చేరి నాలుగు రోజులున్నాడు.

ఆయన ఇంటికొచ్చిన వారానికి ఒక కుర్రాడు తలుపు తట్టాడు. చేతిలో చాక్లెట్లు, తేనె సీసాలున్న బుట్ట, చంకలో ఫైలు.

“నమస్తే ఆంటీ. నా పేరు మనీష్, మాది కరీంనగర్. కంపెనీ తరఫున సారీ చెప్పనీకి వచ్చిన. తెలుగోళ్లని తెలిసి నన్నే పంపిన్రు.”

కూర్చోమంది. అతను కాగితం తీశాడు. ఆరు నెలలు కరెంటు ఉచితం. ఈ సంగతి బయట ఎక్కడా మాట్లాడనని ఆమె సంతకం పెట్టాలి.

“మేం తెలుగువాళ్లమని మీ కంపెనీకి ఇప్పుడు తెలిసిందా? ఆపినప్పుడు తెలియలేదా?” అంది ఫ్లోరెన్స్. తర్వాత భర్త ఎడమచేతిని అతని ముందుకి జరిపింది. “ఇక్కడ వేలు పెట్టు.”

సూదుల కోసం డాక్టర్లు నరాలు కలిపి కుట్టిన చోటు అది. చర్మం కింద రక్తం జుమ్మని అదురుతోంది. మనీష్ ఉలిక్కిపడి వేలు వెనక్కి తీసుకున్నాడు.

“ఈయన సంగతి మీకు ఎందుకు తెలియలేదు?”

అతను ఫైలు మూశాడు. “మేం కొన్న ఫైల్ల పేరు, అడ్రస్, ఈమెయిల్, మీటర్ నంబర్, ఎంత వాడుతరు, గంతే ఉండె ఆంటీ. మెడికల్ కాలమ్ లేదు. అది గూడ తేవాలంటే టైమ్ పడతదని వద్దనుకున్నరు.”

“ఎవరు వద్దనుకున్నారు?”

“అది చెప్తే నా జాబ్ పోతది ఆంటీ. వీసా దాని మీదనే ఉన్నది.”

“ఎంతమందిని కొన్నారు?”

“పదకొండు వేలు.”

“అందులో మా ఆయనలాంటి వాళ్లు ఎంతమంది?”

“తెల్వది. కాలమ్ లేదు గద.”

ఫ్లోరెన్స్ లేచి నిలబడింది. గొంతు పెంచలేదు. “సంతలో కోళ్లు కొనేవాడు కూడా ఏది జబ్బు కోడో చూసుకుని కొంటాడు బాబూ. ఈ బుట్ట పట్టుకెళ్లు. కాగితం కూడా.”

ఆ మర్నాటి నుంచి ఆమె కాగితాలు రాయడం మొదలుపెట్టింది. ‘ఆ చిన్న కంపెనీ కరెంటు వాడారా? ఇంట్లో మెషీన్ మీద ఉన్నవాళ్లున్నారా? నాకు ఫోన్ చేయండి.’ డయాలసిస్ యూనిట్ గోడ మీద, తెలుగు చర్చిలో, పక్కవీధిలో సమోవా దీవులవాళ్ల చర్చిలో, మందుల షాపులో అంటించింది. తొమ్మిదిమంది ఫోన్ చేశారు. ముగ్గురు తామే మళ్లీ రాయించుకున్నారు; మిగిలిన ఆరుగురి పేర్లు కొత్త కంపెనీ మెడికల్ జాబితాలో లేవు. ఆక్సిజన్ మీదున్న డెబోరా అనే ముసలావిడ ఉంది. కరెంటు ఆపుతామని మూడో నోటీసు కూడా వచ్చేసరికి, బిల్లుకి భయపడి హీటరు వేసుకోవడం మానేసింది. ఫ్లోరెన్స్ సెలవు రోజుల్లో ఒక్కొక్కరి పక్కనా కూర్చుని, పేరు ఎక్కించేదాకా కంపెనీతో మాట్లాడింది.

కరెంటు కంపెనీల మీద ఫిర్యాదులు విచారించే సంస్థకి ఫిర్యాదు కూడా పెట్టింది. హెచ్చరికలు పంపాం, ఆవిడే చదవలేదని కంపెనీ లాయర్లు రాశారు. ఐదు నెలలకి తీర్పు వచ్చింది. తప్పు కంపెనీదే, క్షమాపణ చెప్పాలి, పరిహారం ఇవ్వాలి. ఇచ్చారు. కాలమ్ వద్దన్న మనిషి ఎవరో మాత్రం ఏ కాగితంలోనూ లేదు. ఒక్కరి ఉద్యోగమూ పోలేదు.

తర్వాత కమ్యూనిటీ హాల్లో కరెంటు ధరల మీద మీటింగ్ పెడితే వెళ్లింది. కస్టమర్లు తమ వివరాలు ఎప్పటికప్పుడు సరిచూసుకోవాలని కరెంటు కంపెనీల తరఫున వేదికెక్కిన ఒక పెద్దమనిషి సెలవిచ్చాడు. ఫ్లోరెన్స్ మైకు అడిగి తీసుకుంది.

“నన్ను అమ్మినప్పుడు నన్ను అడిగారా? ఆ రోజు నేను మీకు సరుకుని. కరెంటు ఆపాక కస్టమర్ని అయ్యానా?”

మంచి ప్రశ్న అని ఆయన నోట్ చేసుకున్నాడు. ఆ తర్వాత ఏమీ జరగలేదు.

ఇప్పుడు వాళ్లకి వేరే కంపెనీ. రేటు ఇదివరకటికంటే ఎక్కువే. జీతం నష్టమైనా ఫ్లోరెన్స్ మంగళవారాలు సాయంత్రం డ్యూటీకి వెళ్లడం కూడా మానేసింది.

“చాల్లే ఫ్లోరీ, ఇంక వదిలెయ్,” అంటాడు రత్నరాజు.

“మీరు పడుకోండి,” అంటుంది.

ప్రతి నెలా మొదటి సోమవారం కంపెనీకి ఫోన్ చేసి, మెడికల్ జాబితాలో మా ఆయన పేరుందా అని అడుగుతుంది. ఉంది మేడమ్ అంటారు. చదవండి అంటుంది. అవతలి మనిషి ఆ పేరు అక్షరం అక్షరం చదివేదాకా ఫోన్ పెట్టదు.