తొమ్మిదో చిలక లేని దర్వాజ

ఇల్లు కొని బాగుపడ్డవాళ్లున్నారు, ఇల్లు కొని చెడిపోయినవాళ్లున్నారు. దర్వాజ కొనుక్కొని, దాని వెనక ఇల్లు కూడా ఒకటి ఉందని వాన పడ్డాక తెలుసుకున్నవాడు మాత్రం గద్వాల మొత్తానికి నేనొక్కడినే. నా భార్య వెండి కడియాలు, సగం నేసిన పట్టుచీర, కొత్త ఇంటి యజమానిగా నేను సంపాదించుకున్న పరువు, మూడూ ఒకే సాయంత్రం నీళ్లపాలయ్యాయి. ఎలాగో చెబుతాను. మా ఇంట్లోవాళ్లు ఇన్నేళ్లుగా నవ్వుతూనే ఉన్నారు. మీరు కొత్తగా నవ్వినందువల్ల నాకొచ్చే నష్టమేమీ లేదు.

అవి సంస్థానం రోజులు. నాకు ఇరవై మూడేళ్లు. మేం నేతవాళ్లం. మా అన్న ఇంట్లో ఉన్నది ఒక్కటే మగ్గం, నేసేది ఇద్దరం. ఆయన లేస్తే నేను కూర్చోవాలి, నేను లేస్తే ఆయన. కండెలు చుట్టడానికి కింద చోటు లేక నా భార్య నర్సమ్మ మిద్దె మీద ఎండలో కూర్చునేది. ఒకరోజు ఆమె దిగివచ్చి, కాళ్ల కడియాలు తీసి నా చేతిలో పెట్టింది. అవి పుట్టింటివాళ్లు పెట్టినవి. పెళ్లయిన రోజు నుంచి వాటి చప్పుడు వినపడకుండా మా ఇంట్లో తెల్లవారింది లేదు.

"ఇవి తీస్కపోయి మనకంటూ ఒక ఇల్లు సూడు," అంది. "చిన్నదైనా మంచిదే, గోడలు వంకరున్నా మంచిదే. నాకు ఒక్కటే కావాలె. మగ్గం గుంటల నీళ్లు రావొద్దు."

నేత తెలియనివాళ్ల కోసం ఒక మాట. మా మగ్గానికి నేలలో గుంట తీస్తాం. అంచున కూర్చుని, కాళ్లు లోపలికి దించి, కింది పలకలు తొక్కుతూ నేస్తాం. గుంటలో నీళ్లు చేరితే మగ్గం ఆగుతుంది, మగ్గం ఆగితే పొయ్యి ఆగుతుంది. ఆమె అడిగింది ఒక్కటే అయినా మా బతుకంతా అందులోనే ఉంది.

"గంతేనా?" అన్నాను నేను, కోటనే కొనుక్కు రమ్మన్నా తెచ్చేవాడిలాగా.

మా అన్న కూడా సలహా ఇచ్చాడు. "తమ్మీ, ఇంటిని కింద నిలబడి సూస్తే ఏం తెల్వదు. మిద్దెక్కి సూడు. ఎవరి మిద్దె నీళ్లు ఎవరి వాకిట్ల పడ్తయో అడుగు. గప్పుడు మాటియ్యి."

బంగారంలాంటి సలహా. ఇల్లు కొనేవాళ్లకు ఇవాళ కూడా ఇంతకన్నా మంచి మాట ఎవరూ చెప్పలేరు. మావైపు మట్టి మిద్దెలు ఒకదాన్నొకటి ఆనుకొని ఉంటాయి. పై ఇంటి వాన కింది ఇంటి మీదికి, అక్కడినుంచి ఇంకో ఇంటి మీదికి పోయి, చివరికి ఎవడో ఒకడి వాకిట్లోకి దిగుతుంది. ఆ దిగే హక్కు దస్తావేజులో రాసి ఉంటుంది. అందుకే గద్వాలలో మెరక మీది ఇల్లు చేతికి చిక్కేది కాదు, పల్లంలో ఇల్లు ఎవరికీ అక్కర్లేదు. ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా చేశాను కాబట్టే ఇది చెప్పుకోదగ్గ కథ అయింది.

వైశాఖంలో, ఆకాశంలో మబ్బు తునక కూడా లేని ఒక పొద్దున, రాములయ్య తాత అనే ముసలాయన ఇల్లు అమ్ముతున్నాడంటే వెళ్లాను. వాకిట్లో అడుగు పెట్టాను. అంతే, అక్కడే నిలబడిపోయాను.

ఏం దర్వాజ అది! నిలువెత్తు టేకు. పైన నడుమ ఒక తామరపువ్వు, దానికి అటొకటి ఇటొకటి ఏనుగులు. రెండు పక్కల కమ్ముల మీద పై నుంచి కిందికి దిగివచ్చే చిలకలు. ఏ చిలకా ఇంకో చిలకలా లేదు. ఒకటి మెడ తిప్పి చూస్తోంది, ఒకటి పండు కొరుకుతోంది, ఒకటి ఇప్పుడే వచ్చి వాలినట్టుంది. చీర అంచు మీద హంసను నేయడానికి నేనెంత తంటాలు పడతానో నాకు తెలుసు. దారం కనీసం చెప్పినట్టు వింటుంది. కర్రతో ఈ పని చేయించిన ఆ పేరు తెలియని వడ్రంగికి అక్కడే చేతులెత్తి దండం పెట్టాను. ఇన్నేళ్ల తర్వాత కూడా, ఆ దండం ఒక్కటే నేను ఆ రోజు చేసిన తెలివైన పని అనుకుంటాను.

రాములయ్య తాత దగాకోరైతే నాకు తిట్టుకోవడానికి ఒక మనిషైనా దొరికేవాడు. ఆయన ఊళ్లోకెల్లా నిజాయితీపరుడు.

"నాయినా, జర మిద్దెక్కి సూడు," అన్నాడు.

"ఎందుకు తాతా? దర్వాజే చెప్తుంది గద, ఇల్లెట్లాంటిదో!"

"గట్ల గాదు నాయినా, వానకాలంల జర కష్టముంటది. మేమైతే మిరుగం కార్తె రాంగనే తాళమేసి నాగర్‌కర్నూలుకు బిడ్డ దగ్గరికి పోతం. దసరాకు వస్తం."

మీరైతే దీన్నిబట్టి ఏం అర్థం చేసుకుంటారు? నేను అర్థం చేసుకున్నది ఇది: ఎండాకాలానికొక ఇల్లు, వానాకాలానికొక ఇల్లు! ఎంత దర్జా కుటుంబం!

"మరి ఈ కుడి రెక్క తెరుసుకోదేంది తాతా?"

"అది తెరుసుకోక శానేండ్లాయె. కింద మట్టి పట్టింది."

పెద్దవాళ్ల ఇళ్లలో ఒక రెక్కే తెరుస్తారు కాబోలు అనుకొని తల ఊపాను. అలాంటి దర్వాజ ఉన్న ఇల్లు అంత అగ్గువకు ఎందుకొస్తోందని మామూలు మనిషికి అనుమానం రావాలి. నాకేమో ముసలాయన మీద జాలి కలిగింది, దర్వాజ విలువ తెలియని అమాయకుడని.

మూడోనాడు దస్తావేజు. మున్షీ ఆ ఇంటి అరుగు మీదే కూర్చుని, ఉర్దూలో రాసినదాన్ని నా కోసం ఒక్కొక్క ముక్కా తెలుగులో చెబుతున్నాడు. నేను ఆయనకెదురుగా, అంటే దర్వాజకెదురుగా కూర్చున్నాను. ఎడమ కమ్మి మీద తొమ్మిది చిలకలు. కుడి కమ్మి మీద ఎనిమిది. మళ్లీ లెక్కపెట్టాను. ఎనిమిదే. అంతటి పనివాడు ఒక చిలకను ఎలా మరిచిపోతాడు?

"ఉత్తరం దిక్కున్న నాలుగిండ్ల మిద్దెల నీళ్లు," మున్షీ చదువుతున్నాడు, "ఈ వాకిట్లనే దిగాలె, కొన్నవారు అడ్డం పెట్టగూడదు. మంజూరేనా?"

"ఒకటి తక్కువుంది," అన్నాను.

మున్షీ కళ్లద్దాలు సర్దుకుని కాగితం చూశాడు. "లేదు, నాలుగిండ్లే. ఇంకొక ఇల్లు గూడ కావాల్నా?"

"ఇల్లు గాదు. చిలక."

మున్షీ రాములయ్య తాతను చూశాడు. రాములయ్య తాత నన్ను చూశాడు. "చిలక సంగతి దస్తావేజుల లేదు," అన్నాడు మున్షీ చాలా మెల్లగా, జ్వరం వచ్చినవాడితో మాట్లాడినట్టు. "నీళ్ల సంగతి మంజూరేనా, చెప్పు."

"మంజూరే, మంజూరే," అన్నాను, మూడోసారి పై నుంచి లెక్క మొదలుపెడుతూ.

నర్సమ్మను తీసుకొచ్చి దర్వాజ ముందు నిలబెట్టాను. ఆమె కూడా నోరు తెరిచి చూసింది, అబద్ధమెందుకు. వేలితో ఒక చిలక ముక్కును తాకింది. తర్వాత కుడి రెక్కను తోసి చూసింది. తర్వాత వంగి కింద మట్టిని చూసింది.

"నీళ్ల సంగతి అడిగినవా?"

"ఇంత దర్వాజ పెట్టినోళ్లు నీళ్ల సంగతి సూసుకోకుంట ఉంటరా?" అన్నాను. ఆమె బోసిగా ఉన్న కాళ్లతో గడప దాటి లోపలికి వెళ్లింది.

నా తెలివి అక్కడితో ఆగితే బాగుండేది. మగ్గం గుంటను వెనక గదిలో తీయమంటే వినకుండా, సరిగ్గా దర్వాజకెదురుగా ముందు గదిలో తీశాను. నేస్తూ నేస్తూ తలెత్తితే తెరిచిన తలుపులో చిలకలు కనబడాలని నా ఆశ. వనపర్తిలో ఒక పెళ్లికని ఎర్రంచు పట్టుచీరకు పడుగు దారాలు ఎక్కించాను. నెలరోజులు రాజభోగం. వచ్చినవాళ్లందరికీ దర్వాజ చూపించాను, రానివాళ్లను పిలిచి మరీ చూపించాను.

మిరుగం వచ్చింది. మొదటి వాన పొద్దు వాలేవేళ అందుకుంది. మా మిద్దె చుక్క కారలేదు. "సూసినవా?" అన్నాను నర్సమ్మతో, మీసం మీద చెయ్యేసి. అప్పుడు ఉత్తరం వైపు ఏదో చప్పుడు మొదలైంది. నాలుగు మిద్దెల మీద చేరిన నీళ్లన్నీ నాలుగో ఇంటి గోడ తూముల్లోంచి ఒక్కసారిగా మా వాకిట్లోకి దూకాయి.

నిజం చెప్పాలంటే, నాకు ముందు భయం కలగలేదు, అబ్బురం కలిగింది. ఎర్రగా, నురగలు కక్కుతూ, ఇంత మట్టిని మోసుకొని, మనిషి నడుమంత మందాన పడుతున్న ధారలు! కృష్ణ ఒడ్డున పుట్టినవాణ్ణి, వరద ఎరుగుదును. నది మనిషి ఇల్లు వెతుక్కుంటూ రావడం మాత్రం అదే మొదటిసారి చూడడం. గుడ్లప్పగించి నిలబడ్డాను. ఆ నీళ్లు వాకిలి కుడి పక్కనుంచి గడపెక్కాయి. నా చిలకల కిందుగానే లోపలికొచ్చి, ఎటు పోవాలో ముందే తెలిసినట్టు తిన్నగా మగ్గం గుంటలోకి దిగాయి.

"పడుగు పట్టు! పడుగు!" నర్సమ్మ అరిచింది. అప్పుడు నాకు మెలకువ వచ్చింది. ఇద్దరం మోకాళ్లలోతు నీళ్లలో దిగి పడుగును కోయకుండా ఎత్తబోయాం. పై సగం మిగిలింది. కింది సగం రంగు దిగి గుంటంతా ఎర్రబడింది.

ఇంతలో పై ఇంటి బుడ్డమ్మ అవ్వ గోనెసంచి నెత్తిన కప్పుకొని గుమ్మంలోకి వచ్చింది.

"నీళ్లు మంచిగొచ్చినయా బిడ్డా?" అని అడిగింది, భోజనం చేశావా అని అడిగినంత మర్యాదగా.

"వచ్చినయవ్వా!"

"మావి గూడ వచ్చినయా? మా తూముల ఆకులు పడి అడ్డమైనయేమోనని సూసిపోదామని వచ్చిన."

"అవ్వా, మీ అందరి నీళ్లు మా ఇంట్లకే వస్తయని ఎవ్వరు చెప్పలే గద!"

"ఊరందరికీ తెలుసు గద బిడ్డా. తెలిసే కొన్నవనుకుంటిమి. ఈ పిల్లగాని గుండె ఎంత గట్టిదని మా ఇంటి ముసలాయన గూడ మెచ్చుకుండు."

నర్సమ్మ తడిసిన పడుగును ఒళ్లో పెట్టుకొని అరుగు మీద కూర్చుంది. కాసేపటికి అంది: "రైతులు పెబ్బేరు సంతల ఎద్దును కొంటే నోరు తెరిచి పండ్లు సూస్తరు. నడిపిచ్చి సూస్తరు. నువ్వు కొమ్ములకేసిన రంగు సూసి తోలుకొచ్చినవ్." ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవకపోవడమే ఎక్కువ బాధ పెట్టింది. ఆ బోసి పాదాలను చూడలేక నేను తల దించుకున్నాను. జీవితంలో మొదటిసారి ఆ దర్వాజ ముందు తల దించుకున్నాను.

ఆ ఇల్లు అమ్ముదామంటే గద్వాలలో కొనేవాడు లేడు. దాని సంగతి తెలియనివాడు ఊళ్లో నేనొక్కడినే, నేను అప్పటికే కొనేశాను. దారి వెతికింది నర్సమ్మే. పట్టుచీర సగమే అయిందని చెప్పుకోవడానికి నేను వనపర్తి పెళ్లివారింటికి బయలుదేరితే, ఆమె కూడా వచ్చింది. ఆ శెట్టిగారు కొత్త ఇల్లు కట్టిస్తున్నారు. నేను చీర గురించి నీళ్లు నములుతుంటే, ఆమె అడిగింది: "అయ్యా, మీ ఇంటికి దర్వాజ కుదిరిందా?"

శెట్టిగారు వారంలో గద్వాల వచ్చారు. వాకిట్లో అడుగు పెట్టారు. అంతే, అక్కడే నిలబడిపోయారు. ఆ ముఖం నాకు బాగా తెలుసు, వైశాఖంలో అది నాదే. ఇల్లు మొత్తానికి నేనిచ్చినదానికన్నా ఒక్క దర్వాజకు ఆయన ఎక్కువిచ్చారు. చీర చెడిన సంగతి మళ్లీ ఎత్తలేదు.

వడ్రంగులు గడ్డపారలతో వచ్చి రెండు కమ్ముల కింద తవ్వారు. ఎడమది తేలిగ్గా వచ్చింది. కుడిది రాలేదు. జానెడు తవ్వారు, ఇంకో జానెడు తవ్వారు. ఏళ్ల తరబడి నీళ్లు తెచ్చి పోసిన ఒండ్రు అక్కడ పొరలు పొరలుగా ఉంది. చివరికి నర్సమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి పోసి, కొంగుతో తుడిచింది. మట్టిలోంచి ఒక ముక్కు, ఒక కన్ను, ముడుచుకున్న రెక్క బయటపడ్డాయి.

"ఇగో, నీ తొమ్మిదో చిలక," అంది. "లేదని మూడు మార్లు లెక్కపెట్టినవంట. యాడికి పోయిందని ఒక్క మారన్న అడగకపోతివి."

వడ్రంగులు నవ్వారు. బుడ్డమ్మ అవ్వ నవ్వింది. తర్వాత నర్సమ్మ కూడా నవ్వింది, వాన పడిన రోజు తర్వాత మొదటిసారి. అందుకని నేనూ నవ్వాను.

ఆ పైకంతో కొన్న ఇల్లు మెరక మీద ఉంది, ఇప్పటికీ అందులోనే ఉంటున్నాం. మొదటి ఏడాది దానికి తలుపే లేదు, గోనెపట్టా కట్టుకున్నాం. మగ్గం గుంటలో ఇంతవరకు చుక్క నీరు రాలేదు. కడియాలు మళ్లీ చేయించడానికి నాకు మూడేళ్ల చీరలు పట్టాయి.

కాబట్టి, ఇల్లు కొనేవాళ్లకూ అమ్మేవాళ్లకూ వినబడేలా, నా మగ్గం మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ ఇంటినీ దర్వాజ చూసి మెచ్చను. ముందు మిద్దెక్కుతాను. తూములన్నీ చూస్తాను. మున్షీ చదువుతుంటే కళ్లు మూసుకొని వింటాను. ఒకవేళ నా ఖర్మ కాలి, మళ్లీ ఎక్కడైనా చిలకలు కనబడితే, మట్టిలో చెయ్యి పెట్టి, కింది నుంచి లెక్కపెడతాను.