నాలుగో దెబ్బ దగ్గర ఆగిన మోటారు

నేను దయ్యాలను నమ్మేదాన్ని కాదు. ఇప్పుడూ నమ్ముతున్నానని చెప్పలేను. మోటార్ వైండింగ్ నా పని. నిజామాబాద్‌లో మా బాపు నడిపిన దుకాణాన్ని ఇప్పుడు నేను నడుపుతున్నాను. ఏది తిరిగినా, ఏది ఆగినా వెనక కరెంటే ఉంటుందని ఆయన దగ్గర నేర్చుకున్నాను. అందుకే మొన్న కోత పండుగకు ముందు బోధన్‌లో చూసింది ఎవరికైనా చెప్పాలంటే నాకే ఇబ్బందిగా ఉంటుంది.

రత్నక్క మా పెద్దమ్మ కూతురు. ఆమె భర్త డేవిడ్ బావ ఎలక్ట్రీషియన్. ఊళ్లో పాత క్లబ్బు ఒకటి మూతపడ్డప్పుడు, అందులో మూలన పడేసిన పిన్‌బాల్ అనే గోలీ ఆట మెషిన్‌ను ఇంటికి తెచ్చుకుని బాగు చేసుకున్నాడు. గుండెపోటుతో బావ పోయాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఈసారి చర్చి ఆవరణలో జరిగే కోత పండుగలో పిల్లలు ఆడుకోవడానికి పెడదామని అక్క నన్ను పిలిచింది.

మెషిన్ పైన గాజు, దాని కింద ఏటవాలు పలక, స్టీలు గోలీ. ఆడేవాళ్లు చేతులు ఆన్చుకోవడానికి రెండు పక్కలా స్టీలు పట్టీలు. లోపల చిప్పు లేదు, బోర్డు లేదు. అడుగున చిన్న మోటారు, దాని ఇరుసుకు గాట్లున్న చక్రాలు, వాటిని ఆనుకుని ఒకదానిపై ఒకటిగా రెండేసి రేకులున్న స్విచ్చులు, అంతే.

గోలీ యాభై పాయింట్ల గుర్తుకు తగిలితే మోటారు ఒక చుట్టు తిరుగుతుంది. ఆ చుట్టులో రేకులు ఐదుసార్లు కలుస్తాయి. ఒక్కో దెబ్బకు పది పాయింట్లు. ఒకసారి బయల్దేరిన మోటారు మధ్యలో ఆగకూడదు. చుట్టు పూర్తయ్యేదాకా దానికి కరెంటు అందించే స్విచ్చు ఒకటి విడిగా ఉంటుంది.

ఈ మోటారు మాత్రం నాలుగో దెబ్బ కొట్టి ఆగిపోతోంది.

మధ్యాహ్నం, తలుపులు తెరిచే ఉన్నాయి, ఎండ గదిలోకి పడుతోంది. రేకులకు పట్టిన చిలుము కాగితంతో తుడిచాను. వాటి మధ్య ఎడం సరిచేశాను. ప్లగ్గు తీసి చేత్తో తిప్పితే మీటరు ఐదుసార్లూ చక్కగా మోగింది. ప్లగ్గు పెడితే మళ్లీ నాలుగే. ప్రతిసారీ ప్లగ్గు తీసి, మోటారును చేత్తో తిప్పి మొదటికి తెచ్చేదాన్ని.

చివరికి పలక ఎత్తి కర్ర ఆన్చి, ఫోన్ టార్చి వేసి, మోటారుకు కరెంటు అందించే ఆ స్విచ్చునే చూస్తూ కూర్చున్నాను. అక్క వేలితో గుర్తును నొక్కింది. మోటారు కదిలింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

అప్పుడు పై రేకు మెల్లగా పైకి లేచింది.

చక్రం ఆ రేకును తాకదు. తాకేది కింది రేకునే. పై రేకును కదిలించేది అక్కడ ఏమీ లేదు. అయినా కింద ఎవరో వేలు పెట్టి ఎత్తినట్టు లేచి, అలాగే నిలిచింది. మోటారు ఆగిపోయింది. "అక్కా, ప్లగ్గు తియ్యి" అన్నాను. తియ్యగానే రేకు టిక్కుమని కిందికి వచ్చింది.

భయం కన్నా మొండితనమే ఎక్కువైంది. చిన్న వైరుకు పళ్ల క్లిప్పులు తగిలించి స్విచ్చు రెండు కొసలనూ కలిపేశాను. ఇక రేకు లేచినా కరెంటు ఆగదు. మెషిన్ కదలకుండా పట్టీల మీద చేతులేసి నిలబడమని అక్కకు చెప్పాను. ఆమె కాళ్లకు చెప్పులు లేవు. నేల అప్పుడే తుడిచింది, ఇంకా తడిగానే ఉంది. ఈసారి గుర్తు నొక్కే పని లేకుండానే, ప్లగ్గు పెట్టగానే మోటారు కదిలింది.

నాలుగో దెబ్బ కొట్టగానే, నా కళ్లముందే, క్లిప్పు నోరు తెరుచుకుంది. జారలేదు. నోరు పూర్తిగా తెరుచుకున్నాకే కింద పడింది. మోటారు మళ్లీ ఆగిపోయింది.

అక్క కూడా చూసింది. పట్టీల మీంచి చేతులు తీసేసింది. తర్వాత నెమ్మదిగా అంది:

"మీ బావ గిట్లనే చేస్తుండె చెల్లె. నేను తెల్వక ఏదన్న ముట్టబోతే నోటితోని చెప్పకపోతుండె. చెయ్యి అడ్డం పెడుతుండె. ఇంక తిప్పకు. ముందుగాల్ల లోపల ఏమున్నదో సూడు."

ప్లగ్గు తీశాను. మీటరు ఒక కొసను ప్లగ్గు పిన్నుకు, ఇంకో కొసను స్టీలు పట్టీకి పెట్టి, మోటారును చేత్తో తిప్పుతూ పోయాను. నాలుగు దెబ్బల దాకా చప్పుడు లేదు. ఐదో దెబ్బకు కరెంటుతో ఇనుప కడ్డీని లాగే పెద్ద కాయిల్ ఒకటుంది, దాని కడ్డీని వేలితో నొక్కాను. దాని పక్కన ఉన్న వైర్ల కట్ట అదిరింది. మీటరు మోగింది.

కట్ట విప్పి చూస్తే, మెయిన్ వైరు తొడుగును ఎలుకలు కొరికేశాయి. కాయిల్ లాగినప్పుడల్లా రాగి తీగ పట్టీ బోల్టుకు తగులుతోంది. అంటే ఐదో దెబ్బ పడిన క్షణంలో రెండు పట్టీలకూ ఇంటి కరెంటంతా వస్తుంది. ఇందాక తడి నేల మీద, ఆ పట్టీలు పట్టుకుని రత్నక్క నిలబడి ఉంది. పండుగ నాడు అక్కడ పిల్లలు నిలబడేవాళ్లు.

అక్కడే గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. అక్క చేతులు తడిమి తడిమి చూశాను.

వైరు మార్చాను. పట్టీలకు ఎర్త్ ఇచ్చాను. ఆ స్విచ్చును మాత్రం ముట్టుకోలేదు. ప్లగ్గు పెట్టి గుర్తు నొక్కితే మోటారు ఐదు దెబ్బలూ కొట్టి, ఆగాల్సిన చోట ఆగింది. ఎన్నిసార్లు నొక్కినా అంతే.

వేడికి రేకు వంగి ఉంటుందా అని దుకాణంలో అలాంటి రేకునే వేడి చేసి చూశాను. వంగింది, కానీ కిందికి. వోల్టేజీ తగ్గిందనుకుందామంటే, వోల్టేజీ తగ్గితే రేకు పైకి లేవదు. క్లిప్పు బలహీనమైందనుకుందామంటే, అదే క్లిప్పు ఇవాళ్టికీ నా పనిలో గట్టిగా పట్టుకుంటోంది. వీడియో తీద్దామన్న ఆలోచన ఆ రోజు నాకు రాలేదు. కాబట్టి చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు.

పండుగ రోజు పిల్లలు ఎగబడి ఆడారు. అక్క మాత్రం జనంలో కలవకుండా మెషిన్ పక్కనే నిలబడి, మోటారు తిరిగిన ప్రతిసారీ నాలుగో దెబ్బ దగ్గర చెవి ఒగ్గి వింటోంది. సాయంత్రం నన్ను పక్కకు పిలిచింది.

"ఇంక ఆగదా చెల్లె?"

"ఆగదక్కా. మంచిగైంది" అన్నాను.

ఆమె తల ఊపింది. కళ్లు తుడుచుకుంది. ఆ రేకును ఎత్తింది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ ఆ మాట అన్నందుకు మాత్రం ఆమె ముఖంలోకి చూడలేకపోయాను.