జె సెక్షన్ కావాలన్న దాదాపీర్

వన్‌టౌన్‌లో కుట్టుమిషన్లు బాగుచేసే దాదాపీర్‌కి ఒకటే పిచ్చి. ఎక్కడికి వెళ్ళినా ఆఖరుది కావాలంటాడు. బస్సెక్కితే ముందు సీట్లు ఖాళీగా ఉన్నా వెనక సీట్లో కూర్చుని ఉయ్యూరు దాకా ఎగిరెగిరి పడతాడు. పెళ్ళిళ్ళలో ఆఖరు బంతిలో కూర్చుని బిరియానీ అడుగు గోకించుకుని తింటాడు. అరటిపళ్ళ బండివాడు మంచి డజను ఏరి చూపిస్తే, "అవి కాదు బాబూ, మూల నల్లబడి ఉన్నాయే, అవియ్యి" అంటాడు.

ఇవన్నీ నాగవేణికి తర్వాత తెలిశాయి. 1999 జూన్‌లో ఆయన మేరుశిఖర జూనియర్ కాలేజీలో ఆమె అడ్మిషన్ల టేబులు ముందుకొచ్చేనాటికి, ఆమెకి ఆయన అఫ్సా తండ్రిగా మాత్రమే తెలుసు. అఫ్సా మున్సిపల్ స్కూల్లో చదివి పదో తరగతిలో ఆరువందలకి ఐదువందల యాభై ఏడు తెచ్చుకున్న పిల్ల. భవానీపురంలో వాళ్ళ ఇల్లు వెతుక్కుంటూ నాలుగు కాలేజీలవాళ్ళు స్వీటు డబ్బాలతో వెళ్ళారు. ఫీజు వద్దన్నారు, ఎంసెట్‌లో ర్యాంకొస్తే పేపర్లో ఫొటో వేస్తామన్నారు. చివరికి మేరుశిఖరకే అదృష్టం తగిలిందని ప్రిన్సిపాల్ రామకోటేశ్వరరావు పొంగిపోయి, అఫ్సాకీ, తల్లిదండ్రులకీ తన చేత్తో కుర్చీలు లాగి వేశాడు.

"పాప స్టార్ బ్యాచ్‌లో ఉంటుందండీ. లెక్కలు అబ్రహాముగారు చెబుతారు. గదిలో కూలర్ కూడా పెట్టించాం."

"మొత్తం ఎన్ని సెక్షన్లండీ?" అన్నాడు దాదాపీర్.

"పది. స్టార్ బ్యాచ్ అంటే ఏ సెక్షన్. అక్కణ్ణుంచి జె దాకా."

"అయితే జె ఇవ్వండి."

నాగవేణి చేతిలో పెన్ను అలాగే ఉండిపోయింది. ప్రిన్సిపాల్ తను సరిగ్గా వినలేదేమో అనుకున్నాడు. "జె అంటే ఆఖరుదండీ" అన్నాడు నిదానంగా.

"అదేనండీ నేనడిగేది."

"అక్కడ ఫ్యాను కూడా..."

"తిరగదు. తెలుసండీ."

ప్రిన్సిపాల్ దిక్కుతోచక దాదాపీర్ భార్య జైతూన్ బీ వైపు చూశాడు. ఆమె కొంగు సర్దుకుంది. "ఆయనంతేనండీ. మేం ఐదుగురు అక్కచెల్లెళ్ళం. సంబంధం మా పెద్దక్కకని వచ్చి, ఆఖరుదాన్ని చేసుకుంటానన్నాడు. మా అక్కలు ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడరు."

"కుదరదంటే చెప్పండి, పక్క కాలేజీవాళ్ళు ఇస్తామన్నారు" అని దాదాపీర్ లేచాడు.

"ఇచ్చెయ్యమ్మా" అన్నాడు ప్రిన్సిపాల్ కంగారుగా. నాగవేణి అఫ్సా మొహంలోకి ఒకసారి చూసి జె రాసింది. వాళ్ళు వెళ్ళాక ప్రిన్సిపాల్ ఆమెతో గొంతు తగ్గించి అన్నాడు: "పది రోజులు ఉక్కపోస్తే ఆయనే వచ్చి మార్చమంటాడు."

నాగవేణికి మాత్రం ఆ రోజంతా మనసు మనసులో లేదు. జె సెక్షన్ అంటే ఏమిటో ఆమెకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. పిల్లల్ని సెక్షన్లుగా విడదీయడానికి కాలేజీ పరీక్ష పెట్టేది. ఆ పేపర్లు ఎవరూ దిద్దేవాళ్ళు కాదు. అప్లికేషన్‌లో పేరు, చదివిన స్కూలు, తండ్రి చేసే పని చూసి నాగవేణే అక్షరం వేసేది. ఉర్దూ మీడియమైతే జె, మగ్గం నేసేవాళ్ళ పిల్లలైతే జె, ఆటో నడిపేవాళ్ళ పిల్లలైతే జె. ఉద్యోగంలో చేరిన కొత్తలో ప్రిన్సిపాల్ చెప్పాడు: "ర్యాంకులు ఏ ఇళ్ళ నుంచి వస్తాయో మార్కెట్టుకి తెలుసమ్మా. ఈ పిల్లలు మనకి ఫీజు కట్టడానికొస్తారు." నాగవేణి వాళ్ళదీ పెడన మగ్గాల ఇల్లే. వారం కిందటే తమ్ముడు ఉమామహేశ్ అప్లికేషన్ మీద తన చేత్తోనే జె రాసింది. స్టాఫ్ ఇళ్ళ పిల్లలకి ఫీజు సగమే కదా అని నోరు మెదపలేదు.

పది రోజులు గడిచాయి. ఉక్కపోసింది కానీ దాదాపీర్ రాలేదు. సెక్షన్ మారమని అఫ్సాని పిలిచి అడిగితే, "మా అబ్బా వద్దన్నారు సార్" అంది. మొదటి నెల పరీక్షలో అఫ్సా మార్కులు తగ్గాయి. జె సెక్షన్‌కి లెక్కలు చెప్పేది మొన్నమొన్నే డిగ్రీ పాసైన కుర్రవాడు. మార్కులు చూసి ప్రిన్సిపాల్‌కి ముచ్చెమటలు పట్టాయి. పేపర్లో వేయించాల్సిన ఫొటో కళ్ళముందే చెరిగిపోతున్నట్టనిపించి, అబ్రహాముగారిని రోజూ ఒక గంట జె సెక్షన్‌కి పంపాడు. తర్వాత ఫిజిక్స్ ఆయన్ని, ఆ తర్వాత కెమిస్ట్రీ ఆయన్ని. ఒక్క పిల్లకి చెప్పాలంటే గదిలో ఉన్న డెబ్భై మందికీ వినపడక తప్పదు. అఫ్సాకి ఉక్కపోస్తోందని ఫ్యాను కూడా బాగుచేయించారు.

దసరా పరీక్షల్లో ఉమామహేశ్‌కి లెక్కల్లో డెబ్భై ఐదుకి అరవై తొమ్మిది వచ్చాయి. ప్రిన్సిపాల్ నిర్ఘాంతపోయాడు. కాపీ కొట్టి ఉంటాడని వాణ్ణి తన గదిలో, తన ఎదుటే కూర్చోబెట్టి మళ్ళీ రాయించాడు. ఈసారి డెబ్భై ఒకటి వచ్చాయి.

"ఇదెలారా?"

"మీ గదిలో ఇంకా చల్లగా ఉంది సార్" అన్నాడు ఉమామహేశ్.

ఆ సాయంత్రం నాగవేణి వన్‌టౌన్‌లో దాదాపీర్ కొట్టుకి వెళ్ళింది. ఆయన ఒక పాత మిషను విప్పి నూనె పోస్తున్నాడు.

"ఇలా అవుతుందని మీకు ముందే తెలుసాండీ?"

"కూర్చోమ్మా" అని స్టూలు తుడిచాడు. "మా పక్కింటి నవాజ్ నిరుడు మీ జె సెక్షన్‌లో చేరాడు. చురుకైనవాడు. మూణ్ణెల్లకి మానేసి, నాకసలు లెక్కలే రావని చెప్పుకు తిరిగాడు. చెప్పేవాడే లేని గదిలో కూర్చుని, తప్పు తనదే అనుకున్నాడు వెర్రివాడు. మా అఫ్సా ఎక్కడ కూర్చోబెట్టినా చదువుతుంది. దాని వెనకాల మీ అబ్రహాముగారు వస్తారనిపించింది. వచ్చారు. నవాజ్‌ని కూడా ఈ ఏడు మళ్ళీ చేర్పించాను. వాడి అప్లికేషన్ రాసింది నువ్వే."

నాగవేణి తలెత్తలేకపోయింది.

"నువ్వు జె రాసేటప్పుడు పిల్లల మొహం చూడవమ్మా. నవాజ్‌ని చేర్పించేటప్పుడు గమనించాను. మా అఫ్సాకి రాసినప్పుడు మాత్రం చూశావు. అప్పుడే అనుకున్నాను, ఈ పిల్ల మంచిదేనని."

నాగవేణి విప్పిన మిషను వైపు చూస్తూ అడిగింది. "మరి ఆ నల్లబడ్డ అరటిపళ్ళు?"

"నేను కొనకపోతే బండివాడు పారేసుకోవాలి."

"బస్సులో వెనక సీటు?"

దాదాపీర్ కొంచెం సిగ్గుపడ్డాడు. "అక్కడ గాలి బాగుంటుందమ్మా."

2001లో ఎంసెట్ ఫలితాలొచ్చాయి. అఫ్సాకి మూడు వందల లోపు ర్యాంకు వచ్చింది. జె సెక్షన్‌లో మరో పదకొండు మందికి సీట్లొచ్చే ర్యాంకులొచ్చాయి. వాళ్ళలో నవాజ్ ఉన్నాడు, ఉమామహేశ్ ఉన్నాడు. ఆ జూన్‌లో ప్రిన్సిపాల్ మరోసారి బిత్తరపోవాల్సి వచ్చింది. పటమట నుంచి ఒక బ్యాంకు ఆఫీసరు ఎమ్మెల్యేగారి ఉత్తరం పట్టుకొచ్చి, "మావాడికి జె సెక్షన్ ఇప్పించాలండీ" అన్నాడు. ఆయన వెనకాల మరో ఇరవై మంది అదే మాట మీద నిలబడ్డారు.

ప్రిన్సిపాల్ తల పట్టుకు కూర్చున్నాడు. రెండేళ్ళుగా మనసులో దాచుకున్న మాట నాగవేణి అప్పుడు బయటపెట్టింది.

"సార్, అప్లికేషన్ నంబరు ప్రకారం అందర్నీ కలిపేద్దాం. అన్ని సెక్షన్లకీ అబ్రహాముగారేనని పేపర్లో వేయిద్దాం."

ప్రిన్సిపాల్ మొహం వెలిగిపోయింది. "అది మార్కెట్టులో బాగా ఆడుతుందమ్మా" అన్నాడు.

నిజంగానే ఆడింది. పది సెక్షన్లూ నిండిపోయాయి. నెల తిరిగేసరికి అబ్రహాముగారి గొంతు పూర్తిగా బొంగురుపోయింది. ఆ సంగతి ఎలా తెలిసిందో, జైతూన్ బీ ఒక ఫ్లాస్కునిండా మిరియాల కషాయం కాచి ఆఫీసుకి పంపింది. అబ్రహాముగారు నిలబడే ఒక కప్పు తాగి, కళ్ళు తుడుచుకుని, నాగవేణి టేబులు దగ్గరికొచ్చాడు.

"ఇప్పుడు నాకు డి సెక్షనా, హెచ్ సెక్షనా అమ్మా?" అన్నాడు గుసగుసగా.

"రెండూ సార్" అని నాగవేణి ఆయనకి ఇంకో కప్పు పోసింది.