మౌస్ పీకే పెద్దాయన

మా ఆఫీసులో పెద్దాయనకు ఒకటే జబ్బు. ఎవరి కంప్యూటరు దగ్గరికొచ్చినా ముందు మౌస్ పీకి జేబులో వేసుకుంటాడు. ఆ తర్వాతే పలకరింపు.

మేం వెబ్ పేజీలు తయారుచేస్తాం, ఆయన పరీక్షిస్తాడు. పరీక్షంటే ట్యాబ్ మీట నొక్కుకుంటూ పోవడమే. నొక్కినప్పుడల్లా పేజీలో వెలుగు ఒక గడి నుంచి పక్క గడికి వరసగా వెళ్ళాలి. వరస తప్పిందా, మా పని అయిపోయినట్టే. ఆయన చెప్పుల చప్పుడు వినిపిస్తే గదంతా గప్‌చుప్. మా టీమ్ లీడరు, ఇద్దరు పిల్లల తండ్రి, ఓసారి టాయిలెట్లో దాక్కున్నాడు.

"బయటికి రా నాయనా. తీసుకునేది మౌస్ ఒక్కటే, ప్రాణం కాదు" అన్నాడు పెద్దాయన, తలుపు బయట నిలబడి.

అంబులెన్సు పిలిచే పేజీ నా వంతుకొచ్చింది. ఆ సాయంత్రమే విడుదల. మేనేజరమ్మ వాచీ చూసుకుంటూ ఉండగా పెద్దాయన వచ్చి మౌస్ పీకాడు.

ట్యాబ్ నొక్కాడు. పేరు. మళ్ళీ నొక్కాడు. ఫోన్ నంబరు. మూడోసారి నొక్కితే తెర మీద ఏ గడీ వెలగలేదు.

"ఎక్కడున్నాం?"

"ఇక్కడే ఎక్కడో ఉంటాం సార్."

"అంబులెన్సు డ్రైవరుకూ అదే చెబుదామా?"

ఎంటర్ నొక్కాడు. 'మీ పిలుపు రద్దయింది' అని వచ్చింది. చిరునామా అడగకుండానే ట్యాబ్ చప్పుడు లేకుండా రద్దు బటన్ మీదికి పోయి కూర్చుందన్నమాట.

"మౌస్‌తో బాగానే ఉంది కదండీ. రేపు సరిచేద్దాం" అంది మేనేజరమ్మ.

"ఈ రాత్రి ఎవరికీ గుండెపోటు రాదని మీరు మాటివ్వండి, నేను ఇంటికెళ్ళిపోతాను."

ఆవిడ మాటివ్వలేదు. విడుదల ఆగింది. నా ఉద్యోగం కూడా ఆగిపోతుందేమోనని భయపడుతూనే వరస సరిచేసి, చూపించడానికి ఆయన గదికి వెళ్ళాను. తలుపు ఓరగా తీసి ఉంది. స్పీకర్లో ఒకావిడ గొంతు.

"నాకు చూపు లేదు బాబూ. అరగంటగా ఈ రేషన్ కార్డు పేజీలో ఇక్కడిక్కడే తిరుగుతున్నాను. నాకే చేతకావట్లేదు."

"చేతకానిది మాకమ్మా, మీక్కాదు. మెల్లగా ట్యాబ్ నొక్కండి. కంప్యూటరు పైకి ఏమని చదువుతోంది?"

"ఊరు అంటోంది."

"భేష్. ఊరు పేరు కొట్టండి. తొందరేం లేదు, నేనిక్కడే ఉన్నాను."

అంత మెత్తటి గొంతు ఆయనకుందని నాకప్పటిదాకా తెలియదు. పేజీలో ఇరుక్కున్నామని ఫిర్యాదు పెట్టిన ప్రతివారికీ, చూపు లేనివారికీ చేతులు వణికేవారికీ, ఆయనే ఫోన్ చేసి ఇలా గట్టెక్కిస్తాడట.

ఆవిడ పని పూర్తయింది. కాస్త కుదుటపడి, "ఇవి తయారుచేసేవాళ్ళకి మీరైనా కాస్త చెప్పండి బాబూ" అంది.

"చెబుతూనే ఉన్నానమ్మా. మంచి పిల్లలే" అన్నాడు పెద్దాయన. "ఎందుకో గానీ, మరీ భయస్తులు."