లిఫ్టు బాబాయ్ అడగని ప్రశ్న

ఆ పెద్దాసుపత్రిలో లిఫ్టు నడిపేది ఆయనే. ఇరవై రెండేళ్లుగా అదే ఇనప గది, అదే స్టూలు. నర్సులందరికీ ఆయన లిఫ్టు బాబాయ్.

లిఫ్టులో ఎలా మసలుకోవాలో గోడ మీద ఎక్కడా రాసి లేదు. అయినా ఎక్కినవాళ్లందరూ తలుపు వైపే తిరుగుతారు. చేతిసంచి పొట్టకు హత్తుకుంటారు. అప్పటిదాకా బయట గొంతు చించుకున్నవాడు కూడా లోపలికి రాగానే గుసగుసలోకి దిగుతాడు. ఎవరైనా ఏడుస్తుంటే మిగిలినవాళ్లు తలుపు పైన మారే అంకెలను, రేపే పరీక్ష ఉన్నంత శ్రద్ధగా చూస్తారు.

చేరిన కొత్తలో బాబాయ్‌కి ఈ మర్యాద తెలియదు. లిఫ్టు నిండా జనం ఉండగా ఒకావిడను, "మీ ఆయనకి ఎలా ఉందమ్మా?" అని అడిగేశాడు. ఆవిడ భోరుమంది. ఆరో అంతస్తు నుంచి కిందికి వచ్చేదాకా పాపం, ఆవిడకు మొహం దాచుకునే చోటు లేకపోయింది. తలుపు తెరుచుకోగానే పారిపోయినట్టు వెళ్లిపోయింది. ఆ రోజుతో బాబాయ్ నోటికి తాళం పడింది.

కిందటేడు ఆయన భార్యకు అదే ఆసుపత్రిలో గుండె ఆపరేషన్ జరిగింది. "ఇవాళ గడిస్తేగానీ చెప్పలేం" అన్నాడు డాక్టరు. మందుల చీటీ పట్టుకుని బాబాయ్ లిఫ్టు ఎక్కాడు. ఆ రోజు ఆయన బదులు లిఫ్టు నడుపుతున్న కొత్త మనిషి ఆయనను ఎరగడు. ఉన్నవాళ్లందరూ తలుపు వైపే చూస్తున్నారు. ఆయన కూడా అటే తిరిగాడు. ఇన్నేళ్లూ తాను జనానికి ఇచ్చిన మర్యాదే అది. ఇప్పుడు అదే ఆయనకు అడ్డం పడింది.

పక్కనున్న ముసలావిడ ఫ్లాస్కు చేయి మార్చుకుని, ఆయన మొహంలోకి చూసింది.

"ఎవరికి నాయనా బాగాలేదు?"

"మా ఆవిడకండీ."

అంతే అనబోయాడు. కానీ మాట ఆగలేదు. పొద్దున కాఫీ కలుపుతూ ఆమె కూలబడిపోవడం, చెప్పులు కూడా వేసుకోకుండా తాను పరుగెత్తుకు రావడం, అన్నీ చెప్పుకొచ్చాడు. ముసలావిడ దిగాల్సిన అంతస్తు దాటిపోయింది. ఆవిడ దిగలేదు. మిగిలినవాళ్లు అంకెల మీది చూపు తిప్పలేదు గానీ, ఒకాయన మాత్రం బాబాయ్ చేతిలోంచి జారిపోతున్న చీటీని పట్టుకున్నాడు.

భార్య కోలుకుంది. మూడు వారాలకు ఆయన తిరిగి పనిలో చేరాడు.

ఇప్పటికీ జనంలో ఎవరినీ ఏమీ అడగడు. కానీ లిఫ్టులో ఒక్కరే మిగిలితే, వాళ్లు వెళ్లే అంతస్తు తనకు తెలిసినా, "ఎన్నో అంతస్తండీ?" అని వాళ్ల వైపు తిరిగి అడుగుతాడు. కొందరు అంకె చెప్పి ఊరుకుంటారు. బాబాయ్ కూడా ఊరుకుంటాడు. కొందరికి ఆ పాటి సందు చాలు.

సాయంత్రం ఇంటికి రాగానే భార్య పలకరిస్తుంది.

"ఇవాళ ఎవరైనా నోరు విప్పారా?"

"ఒకాయన. పాపకి జ్వరం దిగిందట. చెప్తూ చెప్తూ రెండుసార్లు పైకీ కిందకీ తిరిగాడు."

"మరి దిగమని చెప్పకపోయారా?"

"ఎందుకే? ఆ టైంలో ఎక్కేవాళ్లు ఎవరూ లేరు."