షోరూం దారి

అద్దంకిలో మాబు హెల్మెట్ల కొట్టు ముందు ఆగేవాళ్ళంతా కొత్త బండ్ల షోరూం ఎక్కడని అడిగేవాళ్ళే. ఫోన్లో మ్యాపు ఆ షోరూం ఇక్కడే ఉందని తప్పు చూపిస్తుంది. మాబు దారి ఊరికే చెప్పడు. కుర్చీ తుడిచి కూర్చోబెట్టి, "ఈ హెల్మెట్ మీద పిడుగురాళ్ల సున్నం లారీ ఎక్కిందండీ. లారీకి పంక్చరు!" అని కోతలు కోస్తాడు. భార్య పోయాక అతను నోరు విప్పేది ఈ దారి తప్పినవాళ్ళ దగ్గరే. ఆమధ్య అనూష అనే అమ్మాయి ఆ కోతలన్నీ విని పడీపడీ నవ్వింది. వెళ్తూ వెళ్తూ, "అందరికీ దారి చెప్పి అలిసిపోతున్నారు బాబాయ్. మ్యాపులో తప్పు దిద్దమని పెట్టేశాను. ఇక మిమ్మల్నెవరూ విసిగించరు" అంది. "చల్లగా ఉండమ్మా" అన్నాడు మాబు, ఖాళీ అయిన కుర్చీ మళ్ళీ తుడుస్తూ.

వారంలో మ్యాపు మారింది. ఇప్పుడు ఆగకుండా పోయే ప్రతి బండి వెనకా గుమ్మంలోంచి అరుస్తున్నాడు: "షోరూం అటేనండీ!"